గల్ఫ్ స్నేహితుడి ఊళ్లో వారం రోజులు: సీమ నుంచి ట్రింకోమలీ తీరానికి కుటుంబంతో వెళ్లిరావడం ఎలా?

కడప, రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్లలో ఇలాంటి స్నేహం ఒకటి ఉంటుంది. కువైట్‌లోనో, ఖతార్‌లోనో ఏళ్ల తరబడి ఒకే రూములో ఉన్న శ్రీలంక మనిషి, సొంతూరికి తిరిగి వెళ్లాక ఫోన్ చేసి "పిల్లల్ని తీసుకుని రండి, సముద్రం పక్కనే మా ఇల్లు" అంటాడు. వెళ్లాలనే ఉంటుంది. కానీ వాళ్లింట్లో దిగొచ్చా, ఏ నెలలో వెళ్లాలి, సముద్రం ఎరగని పిల్లల్ని నీళ్లలోకి ఎలా దించాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న దగ్గరే అందరూ ఆగిపోతుంటారు.

ఈ ప్రశ్నలకు వరుస క్రమంలో జవాబులివి. క్యాండీ, నువరేలియా, సిగిరియా అన్నీ ఒకే ట్రిప్పులో చుట్టేయాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఒకే ఊళ్లో వారం రోజులు ఉండి, ఒళ్లు తేలిక చేసుకుని రావాలనుకునే కుటుంబం కోసం రాసింది. ఉదాహరణకు శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీని తీసుకున్నాను. స్నేహితుడి ఊరు వేరే అయితే ఒకటో మెట్టు, నాలుగో మెట్టులో చెప్పిన దారి మాత్రం మారతాయి, మిగతాది దాదాపు అంతే.

1. ముందు సముద్రం సంగతి, తర్వాతే సెలవులు

శ్రీలంక చిన్న దేశమే అయినా రెండు వైపులా ఒకేసారి సముద్రం బాగుండదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమర, దక్షిణ తీరాల మీద పడతాయి. అప్పుడు గాల్, ఉనవటున, మిరిస్స వైపు అలలు ఉధృతంగా ఉంటాయి. నడుమ ఉన్న కొండలు అడ్డుపడటం వల్ల తూర్పున ట్రింకోమలీ, నీలావెలి, పాసికుడా వైపు అదే నెలల్లో నీళ్లు చెరువులా ఉంటాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాలు వస్తాయి, లెక్క తిరగబడుతుంది. నవంబరులో మన కడప జిల్లాను తడిపే వాయుగుండాలు వాళ్ల తూర్పు తీరాన్నీ తడుపుతాయి.

దీన్ని మన బడి సెలవులకు అన్వయిస్తే:

- వేసవి సెలవులు (ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం): తూర్పు తీరం. ట్రింకోమలీకి ఇదే సరైన సమయం.
- దసరా సెలవులు: రెండు రుతుపవనాల మధ్య సందు కాలం, వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. నా మాటకైతే వద్దు.
- సంక్రాంతి సెలవులు: దక్షిణ తీరం. స్నేహితుడిది ట్రింకోమలీ అయితే సంక్రాంతికి వెళ్లకండి, వానలో ఇంట్లో కూర్చోవాలి.

ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం వస్తుంది. ఆ వారం బస్సులు, వ్యాన్లు దొరకడం కష్టం. మే నెల పౌర్ణమికి బౌద్ధుల వెసాక్ పండగ. అసలు అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే, ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. టికెట్లు తీసే ముందు క్యాలెండరులో పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి.

వేడి గురించి టెన్షన్ వద్దు. కర్నూలు, అనంతపురం మే ఎండ చూసినవాళ్లకు అక్కడి ఎండ లెక్కలోకి రాదు. ఉక్కపోత మాత్రం ఎక్కువ, దానికి సిద్ధపడండి.

2. ఎక్కడ పడుకోవాలి? ఈ మాట ఫోన్‌లోనే తేల్చుకోండి

ఇలాంటి ప్రయాణాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. స్నేహితుడు "మా ఇల్లు ఉండగా హోటల్ ఏంటి?" అంటాడు. మనం మొహమాటపడి ఐదుగురం వెళ్లి రెండు గదుల ఇంట్లో దిగుతాం. మూడో రోజుకల్లా వాళ్లావిడ వంటింటి నుంచి బయటికి రాదు, వాళ్ల పిల్లలు వరండాలో పడుకుంటారు, మనకు మధ్యాహ్నం కునుకు తీయడానికి కూడా ఇబ్బందిగా ఉంటుంది. ఇక విశ్రాంతి ఎవరికి?

నా సలహా ఒకటే: రాత్రి నిద్రకు వాళ్లింటికి నడిచి వెళ్లేంత దూరంలో గెస్ట్‌హౌస్ తీసుకోండి, పగలు వాళ్లతో గడపండి. నీలావెలి, ఉప్పువెలి వైపు కుటుంబాలే నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని స్నేహితుడినే చూసిపెట్టమంటే ఆయనకూ గౌరవంగా ఉంటుంది.

అడిగే తీరు ఇలా ఉండొచ్చు: "అన్నా, మా అమ్మకు మోకాళ్ల నొప్పి, రాత్రి రెండు మూడు సార్లు లేస్తుంది. పక్కనే గది తీసుకుంటే మీకూ మాకూ నిద్ర పడుతుంది. మొదటి రాత్రి మాత్రం మీ ఇంట్లోనే, వదిన చేతి భోజనం తినే పడుకుంటాం." మొదటి రాత్రి వాళ్లింట్లో ఉండటం ముఖ్యం. అది కూడా కాదంటే నొచ్చుకుంటారు.

టికెట్ తీసే ముందు స్నేహితుడిని అడగాల్సినవి:

- ఆ వారంలో వాళ్లింట్లో పరీక్షలు, పెళ్లి, గుడి ఉత్సవం, రంజాన్ ఉపవాసాలు ఏమైనా ఉన్నాయా?
- బావి నీళ్లా, కొళాయా? ట్రింకోమలీ వర్షాలు తక్కువ పడే ప్రాంతం, వేసవిలో నీటి ఇబ్బంది ఉండొచ్చు. సీమవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.
- గెస్ట్‌హౌస్‌లో పెద్దవాళ్లకు వెస్ట్రన్ టాయిలెట్, కింది అంతస్తులో గది ఉన్నాయా?
- ఇంటి ఎదుటి తీరంలో ఊరివాళ్లు స్నానం చేస్తారా, లేక పడవలు లాగే చోటా?

చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. సముద్రం పక్కన ఉండటం వేరు, స్నానానికి పనికొచ్చే సముద్రం పక్కన ఉండటం వేరు.

3. కాగితాలు

పాస్‌పోర్ట్ గడువు తిరుగు ప్రయాణం నాటికి కాదు, అక్కడ దిగే రోజు నుంచి లెక్కేసి ఆరు నెలలైనా ఉండాలి. పెద్దవాళ్లవి సరిచూసి, పిల్లలవి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. చిన్నపిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే ముగుస్తుంది. కడప, కర్నూలులోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు ఉన్నాయి, కానీ వేసవిలో స్లాట్లు త్వరగా నిండిపోతాయి. జనవరిలోనే చూసుకోండి.

శ్రీలంకకు వెళ్లేముందు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి కావాలి. దాన్ని శ్రీలంక ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. వెతికితే అధికారిక సైట్‌లా కనిపించే ఏజెంట్ల సైట్లు పైన వస్తాయి, రెట్టింపు వసూలు చేస్తాయి. భారతీయులకు రుసుము ఎంత అనే నిబంధన కొన్నేళ్లుగా మారుతూ వస్తోంది కాబట్టి పోయినేడు వెళ్లొచ్చినవాళ్ల మాట నమ్మకుండా ఆ రోజు సైట్‌లో ఏముందో చూడండి. అక్కడ ఉండబోయే చిరునామా అడుగుతారు. గెస్ట్‌హౌస్ చిరునామా, స్నేహితుడి ఫోన్ నంబరు రెండూ దగ్గర పెట్టుకోండి.

తండ్రి ఇంకా గల్ఫ్‌లోనే ఉంటే ఒక మంచి ఉపాయం ఉంది. ఆయన ఇండియా వచ్చి మళ్లీ అందరితో బయలుదేరక్కర్లేదు, కువైట్ నుంచి నేరుగా కొలంబో రావచ్చు. తల్లీపిల్లలు ఇక్కడి నుంచి వెళ్లి అక్కడే కలుసుకోవచ్చు. అలా చేస్తే రెండు పనులు మరిచిపోకండి: ఆయన ఈటీఏ విడిగా తీసుకోవాలి, పిల్లలు తల్లితో ప్రయాణించడానికి అభ్యంతరం లేదని ఆయన సంతకంతో ఒక ఉత్తరం, దానికి ఆయన పాస్‌పోర్ట్ కాపీ జతచేసి తల్లి దగ్గర ఉంచాలి. తిరిగి కువైట్ వెళ్లడానికి ఆయన అకామా (అక్కడి నివాస అనుమతి) గడువు కూడా చూసుకోవాలి.

సంచిలో ఉండాల్సినవి:

- పాస్‌పోర్ట్‌లు, ఈటీఏ ప్రింట్లు, తిరుగు టికెట్ ప్రింటు
- ప్రయాణ బీమా (పడవలో, స్నార్కెలింగ్ అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలోకి చూడటంలో జరిగే ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి)
- బీపీ, షుగర్ మందులు రోజుల లెక్కకంటే కొన్ని ఎక్కువ, డాక్టరు చీటీతో సహా
- అన్నింటి ఫొటోలు ఇద్దరి ఫోన్లలో

4. ఏ ఎయిర్‌పోర్టు నుంచి?

అనంతపురం వాళ్లకు బెంగళూరు. ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, మన వైపునే ఉంది కాబట్టి 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే బెంగళూరు ట్రాఫిక్‌లోకి దిగాల్సిన పని లేదు. కడప వాళ్లు చెన్నై గానీ బెంగళూరు గానీ చూసుకోవచ్చు. రెండు చోట్ల నుంచీ కొలంబోకు నేరుగా విమానాలున్నాయి, గాల్లో ఉండేది గంటన్నర లోపే. కర్నూలు వాళ్లకు శంషాబాద్ దగ్గర. అయితే అక్కడి నుంచి మీ తేదీకి నేరుగా విమానం లేకపోతే, చెన్నైలో గంటల కొద్దీ కూర్చునే టికెట్ కంటే నేరుగా బెంగళూరు వెళ్లడం నయం.

విమానం ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. కొలంబో ఎయిర్‌పోర్టు ఉన్న కటునాయక నుంచి ట్రింకోమలీకి కురునేగల, దంబుల్ల, హబరణ మీదుగా రోడ్డు ప్రయాణం, ఆరు గంటలు వేసుకోండి. హబరణ దాటాక అడవి దారి, సాయంత్రాలు ఏనుగులు రోడ్డెక్కుతాయి. అందుకే ఉదయాన్నే దిగే విమానం తీసుకుంటే పగటి వెలుగులోనే చేరతారు. రాత్రి దిగేదైతే ఎయిర్‌పోర్టు పక్కనున్న నెగొంబోలో పడుకుని తెల్లారి బయలుదేరండి. ముసలివాళ్లను, పిల్లలను పెట్టుకుని రాత్రంతా వ్యాన్‌లో ఊగుతూ వెళ్తే మొదటి రెండు రోజులు ఆ అలసట తీర్చుకోవడానికే సరిపోతాయి.

5. సామాను: ఏవి వద్దో ముందు

రైల్వే కోడూరు మామిడిపండ్లు తీసుకెళ్లాలని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. వద్దు. పండ్లు, మొక్కలు, విత్తనాలు అనుమతి లేకుండా దేశంలోకి రానివ్వరు. పచ్చళ్లు, నెయ్యి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టాలి. ఎండుకొబ్బరి పెట్టెలో పెట్టనివ్వరు. నూనె శాతం ఎక్కువ కాబట్టి దాన్ని మంటలంటుకునే వస్తువుల లెక్కన చూస్తారు. పొడులకు కొబ్బరి కావాలంటే అక్కడ దొరకనిదేమీ కాదు.

కానుకల విషయంలో తేలికైనవి, మన ఊరివి చూడండి. వేరుశనగ చిక్కీ, ప్యాకింగ్ చేసిన స్వీట్లు, ఇంటావిడకు ఒక నేత చీర. ధర్మవరం పట్టు అయితే ఇక చెప్పక్కర్లేదు. తమిళ హిందూ కుటుంబమైతే పసుపు కుంకుమలతో ఇవ్వొచ్చు. ముస్లిం, సింహళ బౌద్ధ కుటుంబాలకు చీరో, బట్టో, స్వీట్లో చాలు.

ఒక సంచిలో బొరుగులు, పప్పుల పొడి కూడా పెట్టుకోండి. బరువుండవు. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెబుతాను.

తీరం కోసం:

- అందరికీ త్వరగా ఆరే సింథటిక్ బట్టలు రెండేసి జతలు, ముదురు రంగువి
- కాలికి పట్టుండే రబ్బరు చెప్పులు (జారిపోయే హవాయి చెప్పులు కాదు)
- ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్, టోపీలు
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కొబ్బరినూనె చిన్న సీసా, దోమల క్రీము
- మూడు చదరపు పిన్నుల ప్లగ్‌కు సరిపోయే అడాప్టర్

6. దిగిన రోజు

ఎయిర్‌పోర్టులో చేయాల్సినవి మూడే: డబ్బు మార్చడం, సిమ్, వ్యాన్.

డబ్బు అక్కడి బ్యాంకు కౌంటర్లలోనే మార్చుకోండి, రసీదు పారేయకండి. ఇండియా నుంచి మన నోట్లు మనిషికి 25,000 రూపాయలు మించి తీసుకెళ్లకూడదు. అంతకంటే కావాలంటే బ్యాంకులో డాలర్లో, ఫారెక్స్ కార్డో తీసుకోండి. యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో పనిచేస్తోంది. కానీ వెళ్లే ముందే యాప్‌లో విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోవాలి. మన సిమ్ ఫోన్‌లోనే ఉంచి, రెండో స్లాటులో అక్కడి సిమ్ వేసుకోండి. ఓటీపీలు మన నంబరుకే వస్తాయి. ఆటో, చేపల సంత, కొబ్బరిబోండాం బండి దగ్గర మాత్రం నోట్లే నడుస్తాయి.

అక్కడి డబ్బు పేరు కూడా రూపాయే. మన రూపాయికి వాళ్లవి మూడుకు పైనే వస్తాయి. బేరం చేసేటప్పుడు ఎవరి రూపాయలో అడిగి తేల్చుకోండి, లేదంటే ఆటో దిగాక గొడవ.

వ్యాన్ స్నేహితుడు మాట్లాడిపెట్టినదే మేలు. కాకపోతే డ్రైవరుకు ఇవ్వాల్సింది మీరే ఇస్తారని ముందే చెప్పండి, లేదంటే ఆయన ఇచ్చేసి ఊరుకుంటాడు. దంబుల్లలో భోజనానికి ఆగండి. గుహాలయం చూసేసి పోదామని ఎవరో ఒకరు అంటారు. మెట్లు చాలా ఎక్కాలి, ఆ రోజు వద్దు.

7. రోజుకు ఒక్క పని

ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా సముద్రం. పది తర్వాత నీడ. మధ్యాహ్నం భోజనం, నిద్ర. నాలుగు తర్వాత మళ్లీ తీరం గానీ ఊళ్లోకి గానీ. ఇంతే.

ఊరు చూడాలంటే వారం మొత్తానికి రెండు చోట్లు చాలు. కొండ అంచున ఉన్న కోణేశ్వరం గుడి సాయంత్రానికి, కన్నియ వేడినీటి బావులు ఉదయానికి. గుడికి మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. నీలావెలి ఎదురుగా ఉన్న పిజియన్ ఐలాండ్ నేషనల్ పార్కుకు పడవలో వెళ్లి పగడాలు, చేపలు చూడొచ్చు. అయితే ఈత రాని పెద్దవాళ్లు, ఆరేళ్ల లోపు పిల్లలు ఉంటే దాన్ని వదిలేయండి. వెళ్లేవాళ్లు లైఫ్‌జాకెట్ లేని పడవ ఎక్కకండి, పగడాల మీద నిలబడకండి.

మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉంచండి. ఆ రోజు స్నేహితుడి కుటుంబానికి కూడా సెలవిచ్చినట్టే. మన తోడు తిరగడానికి ఆయన పని మానుకుంటున్నాడన్న సంగతి మనకు గుర్తుండదు. పడవ ఉన్నవాడైతే వేట, కొట్టు ఉన్నవాడైతే బేరం పోతుంది.

8. నీళ్లలోకి దిగే ముందు

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మనకు చెరువు తెలుసు, బావి తెలుసు, కర్నూలు, కడప వాళ్లకు కేసీ కాలవ తెలుసు. సముద్రం వాటిలాంటిది కాదు. కాలవలో ఈత వచ్చినవాళ్లకే ఇక్కడ ధీమా ఎక్కువ, అదే ప్రమాదం. కాలవలో నీళ్లు ఒకే దిక్కుకు పోతాయి. సముద్రంలో వచ్చిన అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. కొన్ని చోట్ల ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ ఒక సన్నని దారిలో లోపలికి పరుగెడతాయి. ఆ లాగుడు ప్రవాహంలో పడితే గజ ఈతగాడు కూడా ఎదురీదలేడు.

దాన్ని ఒడ్డు నుంచే గుర్తుపట్టొచ్చు. పది నిమిషాలు నిలబడి చూడండి:

- రెండు పక్కలా అలలు విరుగుతుంటే నడుమ ఒకచోట విరగకుండా నున్నగా కనిపిస్తుంటే
- ఆ పట్టీలో నీళ్లు ముదురు రంగులో గానీ, ఇసుక కలిసి మురికిగా గానీ ఉంటే
- నురగ, ఆకులు లోపలికి పోతుంటే

అలలు లేవు కదా అని మనవాళ్లు సరిగ్గా ఆ నున్నటి చోటనే దిగుతారు. అక్కడే దిగకూడదు.

ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. కాలవ దాటేటప్పుడు ప్రవాహానికి ఎదురు పోకుండా అడ్డంగా ఈది గట్టెక్కుతాం కదా, ఇక్కడా అదే పద్ధతి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి ఊపాలి. చూస్తున్నవాళ్లు వెనకాలే దూకకూడదు. ఖాళీ ప్లాస్టిక్ క్యాన్, ట్యూబు, తాడు, ఏది తేలితే అది విసరాలి, జాలర్లను కేకేయాలి. శ్రీలంకలో అంబులెన్స్ నంబరు 1990, పోలీసులకు 119. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఇంట్లో పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు:

- స్నేహితుడు గానీ, అక్కడి జాలరి గానీ "ఇక్కడ దిగొచ్చు" అన్న చోటే దిగాలి. ఎర్ర జెండా ఉంటే దిగడమే లేదు.
- ఈత రానివాళ్లకు మోకాలి లోతు. నడుము లోతు కాదు.
- చిన్నపిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, ఆయన చేతిలో ఫోన్ ఉండకూడదు. అరగంటకొకసారి మనిషి మారాలి.
- అలలకు వీపు పెట్టి ఫొటోలు దిగకూడదు.
- చీర, లుంగీ, చున్నీతో దిగకూడదు. తడిస్తే బరువై కాళ్లకు చుట్టుకుంటాయి. లెగ్గింగ్స్, పొడుగు టాప్ వేసుకుంటే అక్కడి ఆడవాళ్ల మధ్య కూడా ఎబ్బెట్టుగా ఉండదు.
- తాగినవాడు నీళ్ల దగ్గరికి రాకూడదు. ఈ మాట మగవాళ్లకు ముందు రోజే చెప్పాలి, తాగాక చెబితే వినరు.

"మనం ఎండలో పుట్టినోళ్లం, మనకు క్రీమెందుకు" అనే మాట ప్రతి ఇంట్లో వస్తుంది. నీళ్లు, ఇసుక రెండూ ఎండను తిప్పి కొడతాయి. మెడ వెనక, చెవులు, పాదాల పైభాగం కాలిపోయి రాత్రి నిద్ర పట్టదు. రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ సన్‌స్క్రీన్ మళ్లీ రాయండి.

పిల్లల తొడల మధ్య ఉప్పు, ఇసుక ఒరుసుకుని మంటపుడుతుంది. దిగే ముందే అక్కడ కొబ్బరినూనె రాస్తే ఆ బాధ ఉండదు. జెల్లీఫిష్ కుడితే రుద్దకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పుల్లతో తీసి, ఆ చోటిని చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి. రాళ్ల దగ్గర ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ అనే సముద్రపు ప్రాణులు ఉంటాయి, అక్కడ చెప్పులు విప్పకండి.

9. తిండి, వంటిల్లు

అన్నం, కూరలు, ఇడియాప్పం, అప్పం, సంబల్ అనే కొబ్బరి పచ్చడి. మనకు కొత్తగా అనిపించే తిండి కాదు, కారం కూడా సీమవాళ్లకు సరిపోయేంత ఉంటుంది. శాకాహారులు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సంబల్‌లోనూ, కూరగాయల వంటల్లోనూ ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేసే అలవాటు ఉంది. "వెజిటేరియన్" అని చెబితే చాలదు, "చేప పొడి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. ఇంట్లో అయితే వదినకు మొదటి రోజే చెప్పండి, వండాక చెబితే ఆమెకు బాధ.

ఇప్పుడు బొరుగుల సంగతి. మధ్యలో ఒక ఉదయం "ఈరోజు టిఫిన్ మాది" అని వంటింట్లోకి వెళ్లి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేయండి. బొరుగులు నానడానికి, తాలింపుకు పట్టే సమయం ఎంతో కాదు. వాళ్ల పిల్లలకు కొత్త, ఇంటావిడకు ఒక పూట విశ్రాంతి. అవకాశం ఉంటే ఒక రాత్రి అందరినీ బయట భోజనానికి తీసుకెళ్లండి.

10. ఖర్చు ఎలా పంచుకోవాలి?

స్నేహితుడి చేతికి డబ్బిస్తే తీసుకోడు, బలవంతం చేస్తే మనసు కష్టపెట్టుకుంటాడు. అందుకని వస్తువుల రూపంలో పెట్టాలి. పొద్దున్నే ఆయనతో చేపల సంతకు వెళ్లి మీరే డబ్బిచ్చేయండి. బియ్యం, పాలు, కూరగాయలు, వంట గ్యాసు మీవే అనండి. వ్యాన్, పడవ, టికెట్లు అన్నీ మీ లెక్కలో, వాళ్ల కుటుంబానికి కూడా మీరే. వచ్చేసే రోజు పిల్లల చేతిలో డబ్బు పెట్టడం మన దగ్గరిలాగే అక్కడా తప్పు కాదు, కానీ తల్లి ఎదుట, ఆమెకు చెప్పి పెట్టండి.

11. ఎదురయ్యే చిక్కులు

*స్నేహితుడు రోజూ ఒక బంధువు ఇంటికి తీసుకెళ్తున్నాడు.* "అందరినీ ఒకే సాయంత్రం మన గెస్ట్‌హౌస్ దగ్గరికి టీకి పిలుద్దాం అన్నా" అనండి. తిరగడం తప్పుతుంది, ఎవరినీ కలవలేదన్న మాటా రాదు.

*పెద్దాయనకు సముద్రం నచ్చలేదు, విసుక్కుంటున్నారు.* ఆయన్ను తీరానికి లాగకండి. ఊళ్లో గుడి, టీ కొట్టు, జాలర్లు వలలు బాగుచేసుకునే చోటు చూపించండి. చెన్నై వైపు తిరిగినవాళ్లకు తమిళం కాస్త వస్తే మాట కలుస్తుంది. మనవాళ్లు కువైట్‌లో నేర్చిన అరబ్బీ, హిందీ కలగలుపు కూడా గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లతో బాగానే పనిచేస్తుంది.

*వాన పట్టుకుంది, సముద్రం ముదురు రంగులో ఉంది.* ఎన్ని రోజులు మిగిలాయో చూసి బలవంతంగా దిగకండి. కన్నియ బావులకో, బజారుకో వెళ్లండి.

*పిల్లలకు వాంతులు, విరేచనాలు.* ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పట్టండి, ఆ రోజు ఎండలోకి వద్దు. మూత్రం తగ్గినా, పిల్ల మగతగా ఉన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

12. తిరుగు ప్రయాణం, తర్వాత

ముందు రోజు మధ్యాహ్నానికే సముద్రం ఆపేయండి. తడి బట్టలు ఆరకపోతే పెట్టె బరువు, వాసన. ఉప్పు నీళ్ల బట్టల్ని మంచినీళ్లలో ఒకసారి జాడిస్తే చాలు. వాళ్ల బావి దగ్గర నీళ్లు తక్కువైతే గెస్ట్‌హౌస్‌లో కానివ్వండి.

పిల్లల జేబులు వెతకండి. పగడాల ముక్కలు, గవ్వలు దేశం దాటించకూడదు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి దిగిన ఫొటోలను అక్కడివాళ్లు అవమానంగా చూస్తారు, ఫోన్‌లో ఉంటే తీసేయండి. మిగిలిన శ్రీలంక రూపాయలు రసీదు చూపించి ఎయిర్‌పోర్టులోనే మార్చుకోండి, కడపలో ఎవరూ తీసుకోరు.

ఇంటికి చేరగానే ఫోన్ చేయండి, స్నేహితుడికి కాదు, వాళ్లావిడకు. మీ ఊరికి వాళ్లను పిలిచేటప్పుడు మే నెల మాట ఎత్తకండి. నవంబరు వానలు తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పిలవండి. శ్రీలంక వాళ్లకు ఇండియా ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. గండికోట, బెలుం గుహలు, లేపాక్షి మూడూ చూపించాలనిపిస్తే రోజుకు ఒకటి చొప్పున పెట్టండి, మధ్యలో ఒక రోజు ఖాళీ వదలండి.